నవంబర్ 1 గురించి గుంటూరు వాళ్లెవరైనా కాస్త సాయం చేస్తారా?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. మా అపార్ట్‌మెంట్ పిల్లల చేత నవంబర్ 1న ‘చరిత్రలో ఈ రోజు’ అని ఒక చార్ట్ పెట్టిస్తున్నాను. విషయాలకు కొదవ లేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది ఆ రోజే. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం అప్పుడే అమల్లోకి రావడంతో కేరళ, మైసూరు రాష్ట్రాలకూ అదే పుట్టినరోజు. మైసూరు పేరు కర్ణాటకగా మారింది 1973లో, మళ్లీ నవంబర్ 1నే. హర్యానా 1966, ఛత్తీస్‌గఢ్ 2000. ఇవి ఒక్కో లైనులో సరిపోతాయి.

చిక్కల్లా యానాంతోనే. ఫ్రెంచి వాళ్లు పుదుచ్చేరితో పాటు యానాం పాలనను మనకు అప్పగించింది 1954 నవంబర్ 1న. కానీ యానాంలో ఫ్రెంచి పాలన జూన్‌లోనే పోయింది, చట్టప్రకారం బదిలీ పూర్తయింది 1962లో. చార్ట్‌లో ఏ తేదీ పెట్టమంటారు? మూడూ రాస్తే పిల్లలు తికమక పడతారని నా టెన్షన్.

ఇంకొకటి. అన్నీ బయటి ఊళ్ల కబుర్లే అయ్యాయి. ఆంధ్ర రాష్ట్రం హైకోర్టు గుంటూరులోనే ఉండేది కదా, 1956లో అది హైదరాబాద్ వెళ్లిపోయినప్పుడు ఇక్కడి జనం ఏమనుకున్నారో మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా చెప్పారా? అప్పటి పేపర్ల కోసం వేటపాలెంలోని సారస్వత నికేతనం లైబ్రరీకి వెళ్దామనుకుంటున్నాను. అక్కడ ఫోటోలు తీసుకోనిస్తారా, ముందే అడగాలా? వెళ్లొచ్చిన వాళ్లు చెప్పండి ప్లీజ్.