‘గబ్బిలం’ కావ్యాన్ని విశ్వవిద్యాలయంలో నాటకంగా ఆడవచ్చా?

ప్రశ్న (తెలుగు శాఖ పరిశోధక విద్యార్థి):
మా ప్రాంగణంలో ఒక శాఖ వారికి మరొక శాఖ వారితో పరిచయం తక్కువ. మెస్ సిబ్బందిని పేరు పెట్టి పిలిచేవారు ఇంకా తక్కువ. ఈసారి సెప్టెంబరు 28న జాషువా జయంతికి ఉపన్యాసాలు మాని, 1941లో వెలువడిన ఆయన కావ్యం ‘గబ్బిలం’ నుంచి కొన్ని పద్యాలను అందరినీ కలుపుకొని నాటకంగా ప్రదర్శించాలనుకుంటున్నాము. అయితే కావ్యంలో మాట్లాడేది అంటరానివాడని ఊరు దూరం పెట్టిన నాయకుడొక్కడే, వినేది గబ్బిలం. ఒకే మనిషి ముప్పావు గంట పద్యాలు చదివితే అది నాటకమవుతుందా? పద్యం ఎత్తుకోవడం రానివారికి అందులో చోటెక్కడ?

జవాబు (పద్యనాటక నటుడు):
ఆ ఒక్క గొంతునే పదిమందికి పంచండి. సీసపద్యానికి నాలుగు పాదాలు, ప్రతి పాదమూ రెండు సగాలు కనుక ఎనిమిది మందికి ఎనిమిది సగాలు వస్తాయి, దాని కింద వచ్చే చిన్న గీతపద్యాన్ని అందరూ కలిసి అందుకోవచ్చు. భావం తెగని చోట మాత్రం విడగొట్టకండి. ఇక రాగం సంగతి. జాషువా శ్మశానవాటిక పద్యాలను హరిశ్చంద్ర నాటకంలోకి తెచ్చుకున్న నటులు దీర్ఘాలు తీసి వన్స్‌మోర్‌లు అందుకున్నారు, నేనూ ఆ కోవవాడినే. ఇక్కడ అది నప్పదు, ఎందుకంటే గుడిలోకి అడుగు పెట్టనివ్వని ఆ మనిషి సభలో పాడటం లేదు, రాత్రివేళ గబ్బిలానికి తన గోడు చెప్పుకుంటున్నాడు.

జవాబు (అధ్యాపకురాలు):
పాత్రల ఎంపికలో జాగ్రత్త. నేను చదువుకునే రోజుల్లో ఒకచోట దళిత విద్యార్థిని వెతికి మరీ ఆ వేషమిచ్చారు. అతడు రెండు రిహార్సల్స్‌కు వచ్చి మానేశాడు. తక్కినవారంతా హార్మోనియం చుట్టూ చేరి తన బతుకును తమాషా చూస్తున్నట్లు అనిపించిందని తరువాత నాతో అన్నాడు. అందుకే నేను చేయించినప్పుడు నాయకుడి మాటలను అందరి చేతా పలికించాను.

రాత్రి భోజనాలయ్యాక మెస్‌లోనే బల్లలు జరిపి సాధన చేసేవాళ్లం. ఆలయంలో వ్రేలాడే నీకు శివుని చెవి దగ్గరగా ఉంటుంది, పూజారి లేనివేళ నా కథ విన్నవించమని గబ్బిలాన్ని వేడుకునే గీతపద్యాన్ని మా పిల్లలు నినాదంలా అరిచి చదివారు. పళ్లేలు కడుగుతున్న ఆమె నవ్వి, “పూజారి లేనప్పుడు చెప్పమంటూ ఊరంతా వినేలా అరుస్తారేంటమ్మా?” అంది. మరుసటి రోజు నుంచి ఆ పద్యం గుసగుసగా మారింది, దానిని మొదలుపెట్టే గొంతు కూడా ఆమెదే అయింది. ఆమెకు చదువు రాదు, విని నేర్చుకుంది.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు. మా మెస్‌ మేనేజరుతో రేపే మాట్లాడతాను. గబ్బిలానికి ప్రత్యేకంగా వేషం కట్టాలా?

అధ్యాపకురాలు:
వద్దు. మేము నల్లగుడ్డతో రెక్కలు కుట్టించిన రోజున జనం నవ్వారు. పైకప్పులో ఒక దూలాన్ని గుర్తు పెట్టుకొని అందరూ అక్కడికే చూస్తూ మాట్లాడండి. ఒక్కరి చూపు పక్కకు పోయినా గబ్బిలం ఎగిరిపోయినట్లే.