అప్‌డేట్: బుల్లెట్ కొలతల గొడవ తీరింది

గతంలో నేను అడిగింది ఇదీ: 7.82 మిల్లీమీటర్ల బుల్లెట్‌ను డిజిటల్ కాలిపర్‌తో కొలిస్తే ఒకసారి 7.80, ఇంకోసారి 7.83 వస్తోంది, గాలి నిరోధం లెక్కకు ఏది నమ్మాలి అని.

తప్పు చాలావరకు నా చేతిదే. దవడలు కొంచెం వాలినా, గట్టిగా నొక్కినా అంకె మారిపోతోంది. మీరు చెప్పినట్టు ర్యాచెట్ (ప్రతిసారీ ఒకే ఒత్తిడితో నొక్కేలా చేసే పిడి) ఉన్న మైక్రోమీటర్ తీసుకుని, ముందు గేజ్ బ్లాక్‌తో (కొలత కచ్చితంగా తెలిసిన దిమ్మ) సరిచూసుకున్నాను. ఇప్పుడు ఎన్నిసార్లు కొలిచినా 7.821, 7.822 దగ్గరే ఉంటోంది. 0.03 తేడా అంటే చిన్నదే అనిపిస్తుంది కానీ, అడ్డుకోత వైశాల్యంలో అది దాదాపు 0.8 శాతం.

పొడవు దగ్గర ఇంకో చిక్కు. మొన అంచు ఒక్కో బుల్లెట్‌కు ఒక్కోలా ఉంటుంది, కాబట్టి మొత్తం పొడవులు కలవవు. కాలిపర్‌కు కంపారేటర్ (ముక్కు వంపు మీద ఒకే వ్యాసం దగ్గర ఆగే రంధ్రం ఉన్న అమరిక) పెట్టి అడుగు నుంచి ఓజైవ్ (ఆ ముక్కు వంపు) వరకు కొలిస్తే బుల్లెట్లను పోల్చడానికి బాగుంది. కానీ లెక్కకు మొత్తం పొడవు కూడా కావాలి, అందుకే పదింటి సగటు వేశాను.

ముక్కు వంపు, వెనక బోట్ టెయిల్ (అడుగు వైపు సన్నబడే భాగం) కోణం మాత్రం కాలిపర్‌తో అయ్యే పని కాదు, అంచు జారిపోతుంది. ప్రొఫైల్ ప్రొజెక్టర్‌లో 20 రెట్లు పెద్దదైన నీడ మీద గీసుకున్నాను. అక్కడ 0.01 మిల్లీమీటర్ 0.2 అవుతుంది, కంటికి ఆనుతుంది. మొదటే ఇది చేసి ఉంటే ఇంత టెన్షన్ ఉండేది కాదు!