ఒక్కడే చేసే బ్లాక్ మెటల్‌లోకి పంబ వస్తే ఎదుగుదలా, కల్తీనా?

తిరుపతి_ఒంటిగాడు
నా రెండో బ్లాక్ మెటల్ (హోరెత్తే గిటారు, అరుపులతో సాగే మొరటు రాక్ సంగీతం) ఆల్బం పెట్టి వారమైంది. గిటారు, బేస్, అరుపులు, కంప్యూటర్లో రాసుకున్న డ్రమ్స్, అన్నీ నేనే. మొదటిది మొదలు నుంచి చివరిదాకా ఒకటే హోరు. ఫోను మైకుతో చేశాను, రెండు చోట్ల రైలు కూత కూడా పడింది. ఈసారి వేగం తగ్గించాను, ఇంగ్లిష్ మాటలు తీసేసి తెలుగులో రాశాను, మూడో పాటలో మన జాతర డోలు పంబ పెట్టాను. మొదటి ఆల్బం క్యాసెట్ కొన్న నలభై మందిలో ఒకాయన "నీ పాటలో చలి పోయిందబ్బా" అని ఒకే ముక్క రాసి పంపాడు. అప్పట్నుంచి నిద్ర లేదు. మీరేమంటారు?

గుడివీధి_గోల
మే నెల తిరుపతిలో రేకుల గదిలో కూర్చుని చలి ఎక్కడ్నుంచి తెస్తాడు పాపం!

చిత్తూరు_హోరు
ఆ ముక్క రాసింది నేనే. ఇక్కడ వివరంగా చెబుతా. చలి అంటే ఆ మొరటు, ఒంటరి శబ్దమే. మొరటు శబ్దం అంటే డబ్బుల్లేక అయ్యేది అనుకుంటారు అందరూ. నార్వేలో వర్గ్ వికర్నెస్ ఒక్కడే బర్జమ్ పేరుతో చేసిన 'ఫిలాసఫెమ్' ఆల్బం 1993లో రికార్డయింది, 1996లో వచ్చింది. ఆయన గిటారు ఆంప్ (శబ్దం పెంచే పెట్టె) వద్దనుకుని అన్న స్టీరియోకు తగిలించాడు. స్టూడియోలో ఉన్నవాటిలో అతి నాసిరకం మైకు ఏదో అది ఇమ్మన్నాడు. అంటే కావాలని చేసిన పని. నీ మొదటి ఆల్బంలో ఆ రైలు కూత వింటే ఒంటరి గది కళ్ళ ముందు కనిపించేది. ఇప్పుడు అంతా కడిగిన పళ్ళెంలా ఉంది.

పీలేరు_పిల్ల
ఆయన పేరెత్తితే మిగతాది కూడా చెప్పండన్నా. హత్యకు, చర్చిలు తగలబెట్టినందుకు 1994లో 21 ఏళ్ళ శిక్ష పడింది. ఒంటరి సంగీతకారుడు అనగానే ఆయన్నే దేవుణ్ణి చేయడం నాకు నచ్చదు. శబ్దం సంగతంటారా, ఒప్పుకుంటా.

కానీ మారడమే తప్పయితే స్వీడన్ బ్యాండ్ బాథరీ సంగతేంటి? 1984లో అంత మొరటు ఆల్బంతో మొదలుపెట్టిన దాని నాయకుడు క్వార్థాన్ 1990 నాటి 'హ్యామర్‌హార్ట్'కి వచ్చేసరికి నెమ్మదిగా, బృందగానంతో, ఎంత దూరం వెళ్ళాడు! అమెరికాలో పనోప్టికాన్ పేరుతో ఆస్టిన్ లన్ ఒక్కడే చేస్తాడు. 2012లో 'కెంటకీ'లో బొగ్గు గని కార్మికుల పోరాటాల మీద పాటలు కట్టి బ్యాంజో, ఫిడేలు పెట్టాడు. 2018లో అయితే జంట ఆల్బంలో సగం బ్లాక్ మెటల్, సగం జానపదం. అక్కడి బ్యాంజో ఒప్పు, ఇక్కడి పంబ తప్పా?

గుడివీధి_గోల
ఇప్పుడు సీరియస్‌గా. నార్వే వాళ్ళు ముఖానికి శవంలా తెలుపు, నలుపు పూసుకుంటే మనం నోరు తెరుచుకుని చూస్తాం. మా తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషానికి నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి ఒంటినిండా బొగ్గు, చేతిలో వేపాకు. ఆ పైన నోటికొచ్చిన బూతులు. చిన్నప్పుడు నాకు మా నాయన పూసిన బొగ్గు రెండు రోజులు చెవుల వెనకాల పోలేదు. రోజుకో వేషం మారుస్తాం, గంగమ్మ మాత్రం ఆ గంగమ్మే. ఒంటిగాడా, నువ్వు వేరే ఊరి వేషం తీసి మన వేషం వేశావు, అంతే.

చిత్తూరు_హోరు
పంబ వద్దని నేనెప్పుడన్నాను? నేను పుట్టి పెరిగింది పంబ మోతలోనే. మూడో పాట మళ్ళీ పెట్టి వినండి. రెండో నిమిషం దగ్గర దెబ్బలన్నీ గడియారంలా పడుతున్నాయి. పంబ అలా మోగదబ్బా. ఒంటిగాడా, నిజం చెప్పు, ఎవరన్నా వాయించారా, లేక కంప్యూటర్లో పెట్టావా?

తిరుపతి_ఒంటిగాడు
మనిషే వాయించాడన్నా. మా అమ్మమ్మ ఊరి పెద్దాయన. హెడ్‌ఫోన్ పెట్టి తాళం తప్పకుండా క్లిక్ వినిపిస్తే తీసి పక్కన పడేశాడు. "ఈ టిక్కు టిక్కు నాకెందుకు నాయనా, నువ్వే నా వెనకాల రా" అన్నాడు. కొయ్య పంబ, ఇత్తడి పంబ రెండూ జోడుగా నడుముకు కట్టుకుని నిలబడితే గది సరిపోలేదు, మంచం బయట వేశాం. పాట మధ్యలో ఊపొచ్చి వేగం పెంచేశాడు. నా గిటారు అందుకోలేకపోయింది.

తర్వాత మూడు రాత్రులు కూర్చుని ఒక్కో దెబ్బనూ జరిపి కంప్యూటర్లో సమాన దూరం గీతలున్న గ్రిడ్డులో పెట్టాను. ఆయన దగ్గు కూడా కోసేశాను. నువ్వు విన్నది అదే.

పీలేరు_పిల్ల
దగ్గు కోసేశావా! రైలు కూత ఉంచిన మనిషివి?

చిత్తూరు_హోరు
ఇంకేం, దొరికాడు. ఆ మొదటి టేకు ఉందా, చెరిపేశావా?

తిరుపతి_ఒంటిగాడు
ఉంది. దాని మీద గిటారు మళ్ళీ వాయించాలి, ఈసారి ఆయన వెనకాల నేను పరిగెత్తాలి. కరెంటు ఉంటే ఈ రాత్రికే మొదలుపెడతా. ఆదివారం ఇక్కడే పెడతాను, అప్పుడు తిట్టండి.