నడుము నొప్పి కాల్లోకి దిగుతోంది, ఏ మెరిడియన్ అని ఎలా తేల్చాలి?

ప్రశ్న: ఆక్యుపంక్చర్ నేర్చుకుంటున్నాను, అందులో ఒంట్లో శక్తి నడుస్తుందని చెప్పే దారుల్ని మెరిడియన్లు అంటారు. మా అమ్మకి సయాటికా అని డాక్టరు చెప్పారు. బ్లాడర్ మెరిడియనా, గాల్‌బ్లాడరా? చార్టు చూస్తే రెండూ సరిపోయేలా ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ముందు అమ్మగారినే ఒక్క వేలితో నొప్పి దారి గీసి చూపించమనండి. అరచెయ్యి తిప్పి "ఇక్కడంతా" అంటే ఒప్పుకోవద్దు, మళ్లీ అడగండి. తొడ వెనక నుంచి మోకాలి మడత మీదుగా పిక్కలోకి దిగితే బ్లాడర్, ప్యాంటు పక్క కుట్టు వచ్చే చోట దిగితే గాల్‌బ్లాడర్.

జవాబు 2: అడిగి ఊరుకోకండి, బొటనవేలితో మెల్లగా నొక్కుతూ రండి, రెండు కాళ్లూ పోల్చి చూడండి. మోకాలి మడత మధ్యలో బీఎల్ 40 (బ్లాడర్ దారిలోని బిందువు), మోకాలి కింద బయటివైపు ఎముక తలకి కాస్త ముందు, కిందుగా జీబీ 34 (గాల్‌బ్లాడర్ దారిలోది). నొప్పి ఉన్న కాల్లో ఎక్కడ ఎక్కువ సలిపితే ఆ దారి. చాలామందికి రెండూ కలిసే ఉంటాయి, అది తప్పేం కాదు.

జవాబు 3: మూత్రం ఆపుకోలేకపోయినా, కూర్చున్నప్పుడు ఆనే భాగం తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా సూదులు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మెరిడియన్ సంగతి తర్వాత.

ప్రశ్న అడిగినవారు: అవేమీ లేవండి. వేలు సరిగ్గా తొడ పక్కనుంచే దించింది, జీబీ 34 దగ్గర నొక్కితే "అబ్బా" అంది. మా మాస్టారికి చూపిస్తాను.