మా తమ్మునికి పని కావాలె, పక్కన ఉండి నేర్పేటోళ్లు దొరుకుతరా? (నల్లగొండ)

నల్లగొండ_అక్క:
నమస్తే అందరికి. మా తమ్మునికి 24 ఏండ్లు, బుద్ధిమాంద్యం ఉంది, సదరం సర్టిఫికెట్ గూడ ఉంది. స్పెషల్ స్కూల్ అయినంక టైలరింగ్, కొవ్వొత్తులు అన్ని ట్రైనింగులు ఇప్పించినం, పని మాత్రం రాలే. ఒక గోదాంల పెడితే వారం తిరగకముందే వద్దన్నరు, ఒక్కపాలి నాలుగు పనులు చెప్తే వానికెట్ల ఎక్కుతది? అయినా రోజు పొద్దుగాల్ల టిఫిన్ డబ్బా పట్టుకొని గడపల నిలబడుతడు.

పాలమూరు_టీచర్:
అక్కా ఇగ ట్రైనింగులు ఆపు. మన పిల్లలకు ఒక కాడ నేర్చింది ఇంకో కాడ చేసుడు కష్టం, అందుకే ముందు పనిల పెట్టి ఆడనే నేర్పాలె, దీన్నే సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ అంటరు. జాబ్ కోచ్, అంటే పని నేర్పేటాయన, మొదట్ల పక్కన్నే ఉండి మెల్లమెల్లగ తప్పుకుంటడు, మేస్త్రి మారినా పని మారినా మళ్ల వస్తడు. మానసిక జబ్బు ఉన్నోళ్లకు గూడ అమెరికాల 1990ల సంది ఇదే పద్ధతి, మనిషి పని చేస్తనంటే చాలు.
మా దగ్గర ఒక బాబును బత్తాయి గ్రేడింగ్ల పెట్టినం, పెద్దకాయ చిన్నకాయ తేల్చుకోలేకపోయిండు. ప్లాస్టిక్ పైపు కోసి రింగు చేసిచ్చినం, కాయ దాంట్లకెల్లి జారితే ఎడమ డబ్బాల, ఇరుకుతే కుడి డబ్బాల. ఇప్పుడు వాడు నింపిన డబ్బా ఎవరూ మళ్ల చూడరు.
సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌ల ఎన్‌ఐఈపీఐడీ ఉంది, కేంద్రం సంస్థ, బుద్ధిమాంద్యం కోసమే 1984ల పెట్టిండ్రు, ఒకసారి తోల్కపోయి చూపియ్యి.

దేవరకొండ_నాన్న:
2016 వికలాంగుల హక్కుల చట్టం కింద సర్కారు నౌకర్లల్ల 4 శాతం రిజర్వేషన్ ఉంది గానీ అండ్ల 1 శాతమే బుద్ధిమాంద్యం, ఆటిజం, మానసిక జబ్బు అసొంటియన్నిటికి కలిపి. అప్లై చెయ్యుండ్రి, దాని మీదనే కూసోకుండ్రి. వికలాంగుల 4016 పింఛన్ సంగతి పనిల చేరకముందే ఎంపీడీఓ ఆఫీసుల అడుగుండ్రి, పనిల చేరితే పింఛన్ పోతదేమో అన్న భయంతోని శానమంది పిల్లల్ని ఇంట్లనే ఉంచుతున్నరు.

నల్లగొండ_అక్క:
మస్తు థ్యాంక్స్. కోచ్ దొరకకుంటే నేనే పోయి నిలబడొచ్చా?

పాలమూరు_టీచర్:
పోవచ్చు, కాని ఇంటోళ్లం చూస్తూ ఊకోలేం, ఆగమాగమైతుండని మనమే చేసేస్తం. పనిచేసే కాడ ఓపికున్న ఒకళ్లను చూసుకో, ఏది ముందు ఏది ఎనుక అని ఫొటోలు తీసి గోడకు అతికించు. జీతం మాట మొదటి రోజే తేల్చు, ఊకెనే సాయం చేస్తుండులే అంటే ఒప్పుకోకు, వాని బ్యాంకు ఖాతాలనే వెయ్యమను.