అప్‌డేట్: కప్పల్లో బుడగలు ఎందుకొచ్చాయో తెలిసింది

కొర్రమీను చేపకి ఎరగా వేద్దామని ఇంట్లో అచ్చు పోసుకుంటున్న మెత్తటి ప్లాస్టిక్ కప్పల నిండా బుడగలు వస్తున్నాయి, ఎందుకని పోయిన నెల అడిగాను కదా. తప్పు ప్లాస్టిసాల్‌ది (వేడి చేసి అచ్చులో పోసే ద్రవ ప్లాస్టిక్) కాదు, అచ్చుది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పైకి ఆరినట్టే ఉంది గానీ లోపలంతా చెమ్మ. వేడి ద్రవం తగలగానే అది ఆవిరై పైకి తన్నింది. మీరు చెప్పినట్టే వారం ఎండబెట్టి, ఎపాక్సీ రెండు పూతలు వేశా.

థర్మామీటర్ కూడా కొన్నా. పాలలా ఉన్న ప్లాస్టిసాల్ వేడికి చిక్కబడి, సుమారు 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర మళ్లీ పల్చబడి తేటగా అయింది. అప్పుడు పోశా. మొన్నటిసారి మాడబెట్టింది నేనే, ఆ పొగకి రెండ్రోజులు గొంతు మంట. ఇక పెరట్లోనే, గాలి వాటం చూసుకుని.

12లో 9 బాగా వచ్చాయి. కాళ్లు మాత్రం సన్నగా ఉండి తెగుతున్నాయి, అచ్చులో ఆ గాడి ఇంకాస్త లోతు చెక్కాలి. చెరువులో ఇంకా వేయలేదు.