దుబాయ్ మెరీనాలో యాట్ విహారం: టిక్కెట్టు కొనడమా, పడవంతా మాట్లాడుకోవడమా?

షార్జా నుంచి: డిసెంబరులో గుంటూరు నుంచి మా అమ్మానాన్నలు వస్తున్నారు. మొత్తం 6 మందిమి. తలా ఒక టిక్కెట్టు కొని అందరితో కలిసి వెళ్లే 2 గంటల విహారానికీ, యాట్ మొత్తాన్నీ గంటసేపు అద్దెకు తీసుకోవడానికీ మాకు చెప్పిన ధరల్లో పెద్ద తేడా లేదు. ఏది మేలంటారు?

కరామా వాసి: గంట అద్దె వద్దండి. మెరీనా అంటే సుమారు 3 కిలోమీటర్ల పొడవున తవ్విన కాలువ. అందులో పడవలన్నీ అలలు లేపకుండా మెల్లగా నడవాల్సిందే కనుక, రేవు లోపలెక్కడో ఉంటే పోను రాను కాలువలోనే సగం సమయం కరిగిపోతుంది. 250 మీటర్ల ఎత్తున్న ఐన్ దుబాయ్ జెయింట్ వీల్ దగ్గరకు చేరగానే వెనక్కి తిప్పుతారు. పామ్ జుమేరా అనే కృత్రిమ దీవి చివరనున్న అట్లాంటిస్ హోటల్ దాకా వెళ్లడం కలలోని మాట.

అల్ నహ్దా వాసి: గడియారం లెక్క సరే, కూర్చునే చోటు లెక్క ఏమైంది? కిందటేడు మా అత్తమామలను టిక్కెట్టు పడవ ఎక్కించాను. ఎక్కేచోట చెప్పులన్నీ బుట్టలో వేయించుకున్నారు. మామగారు మేజోళ్లతో నున్నటి చెక్క మీద జారబోయి, కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. ముందు భాగమంతా ఫొటోలు దిగే కుర్రకారుతో నిండిపోవడంతో, పెద్దవాళ్లిద్దరూ లోపలి గదిలో నల్లద్దాల వెనుక నుంచే సూర్యాస్తమయం చూశారు.

కరామా వాసి: అది నిజమే, ఒప్పుకుంటాను. అయితే అద్దెకే తీసుకోండి, కానీ 2 గంటలకు. డిసెంబరులో అక్కడ సుమారు 5:30కే పొద్దుగూకుతుంది కాబట్టి 4 గంటలకు బయలుదేరితే వెలుగుండగానే సముద్రంలో ఉంటారు.

దేరా వాసి: మరొక సంగతి. వాయవ్యపు గాలి, ఇక్కడివారి మాటల్లో షమాల్, వీస్తే కాలువ దాటగానే పడవ ఊగుతుంది. అద్దె పడవైతే అమ్మగారికి కడుపులో తిప్పినప్పుడు వెనక్కి మళ్లించమని మీరు చెప్పగలరు. 40 మంది ఉన్న పడవను ఒక్కరి కోసం మళ్లించరు. ఇంత ఖర్చెందుకని మీకే అనిపిస్తే మా క్రీక్‌లో, అంటే ఊళ్లోకి వచ్చిన సముద్రపు పాయలో, అబ్రా అనే చిన్న పడవ ఉంది, 1 దిర్హామ్‌కే అవతలి ఒడ్డు. కానీ అది మీరడిగినది కాదు లెండి.

షార్జా నుంచి: అందరికీ ధన్యవాదాలు. సముద్రపు ముఖద్వారానికి దగ్గరి రేవు నుంచి, 4 గంటలకు, 2 గంటల అద్దె. గాలి ఎక్కువైతే తేదీ మారుస్తారో లేదో కనుక్కున్నాకే బయానా ఇస్తాను. మేజోళ్లు వద్దని నాన్నగారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను.